కరక్కాయ తాగిన ఓణీ

నన్ను పెడన హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో చేర్పించే ముందు మా నాన్నతో నేనొక ఒప్పందం చేసుకున్నాను. దసరా సెలవుల దాకా అక్కడ ఉంటాను. అప్పటికీ నచ్చకపోతే ఆయనే వచ్చి నన్ను వెనక్కి తీసుకెళ్ళిపోవాలి, ఎందుకని అడగకూడదు. నాన్న సరేనన్నాడు. నచ్చకూడదని నేను అప్పుడే తీర్మానించుకున్నాను.

మా ఊరు దివిసీమలో కోడూరు దాటాక ఇంకా సముద్రం వైపు వెళ్ళాలి. ఎండాకాలంలో బస్సు వస్తుంది, వానాకాలంలో దాని ఇష్టం. ఊళ్ళో బడి ఏడో తరగతితో సరి. ఏడు పాసైన ఆడపిల్లలు ఆ వేసవి నుంచే వాళ్ళ అమ్మలతో రేవుకి వెళ్ళి, పడవలు రాగానే చేపలూ రొయ్యలూ వేరుచేసే పనిలో కుదురుకునేవాళ్ళు. నాకూ అదే కావాలి. ఆ రేవులో ఉన్నంత సందడి నేను ఇప్పటికీ ఇంకెక్కడా చూడలేదు. అమ్మ పక్కన కూర్చుని నలుగురితో మాటకు మాట అంటూ పనిచెయ్యాలని నా ఆశ. అమ్మేమో, "పదో తరగతి పాసవ్వందే నిన్ను రేవులో కాలు పెట్టనివ్వను" అని భీష్మించుకుంది. తొంభైల రోజులు, మా వీధిలో పదో తరగతి దాకా వెళ్ళిన ఆడపిల్ల అప్పటికి ఒక్కతీ లేదు. అమ్మ పట్టుదల ముందు నాన్నా నేనూ ఏపాటి?

అలా నన్ను పెడనలో మావయ్య ఇంటికి పంపడం ఖాయమైంది. మావయ్య అమ్మకి సొంత తమ్ముడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పడవెక్కితే వాంతి చేసుకునే మనిషి. మూడేళ్ళు అవస్థపడి, ఇక లాభం లేదని, కదలని నేల మీద పని వెతుక్కుంటూ పెడన చేరాడు. అక్కడ బట్టల మీద అద్దకం పని నేర్చుకుని, ఆ పని చేసే ఇంటి పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో రెండు పొడుగాటి బల్లలు. వాటి మీద గుడ్డ పరిచి చెక్క అచ్చులతో పువ్వులూ తీగలూ అద్దేవాళ్ళు. ఊరందరికీ కాకపోయినా ఊళ్ళో సగం మందికి అదే పని.

జూన్లో నన్ను దింపడానికి నాన్నే వచ్చాడు. నా రేకుపెట్టె గొళ్ళెం ఎప్పుడో ఊడిపోయింది కనక దానికి పడవ తాడు కట్టాడు. పెట్టె వైపు ఒకసారి చూసి, "మూడు బారలు" అన్నాడు. రెండు చేతులూ చాచి మూడుసార్లు కొలిచి కోశాడు. నిలువుగా ఒక చుట్టు, అడ్డంగా ఒక చుట్టు, పైన ముడి. బెత్తెడు కూడా మిగల్లేదు. తాడు కొలతలో మా నాన్న పొరబడటం అప్పటికి ఎవ్వరూ చూడలేదు. కోడూరులో బస్సెక్కి, అవనిగడ్డలో మారి, బందరులో ఇంకోసారి మారి పెడనలో దిగేసరికి మధ్యాహ్నమైంది. వెళ్ళేటప్పుడు నాన్న ఆ తాడు విప్పుకుని చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. నన్ను వదిలేసి తాడు తీసుకెళ్తున్నాడని నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. దసరా ఎన్నాళ్ళుందో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

బడి నిజానికి బాగానే ఉండేది. ఈ మాట అప్పట్లో ఎవరైనా నాతో అనిపించి ఉంటే వాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని. మా తరగతి కిటికీ లోంచి రైలు పట్టాలు కనిపించేవి. మా లెక్కల మాస్టారు గుడివాడ నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చేవారు. ఆయనే మా క్లాసు టీచరు కూడా. మొదటి పీరియడు ఆయనదే. కాబట్టి పొద్దున్నే తరగతిలో నలభైమందిమీ చెవులు రిక్కించి రైలు కూత కోసం వినేవాళ్ళం. కూత వినపడకపోతే ఆ పూట లెక్కల్లేవు. రైలు ఆలస్యమైన రోజున మా సంతోషం రైల్వేవాళ్ళకి తెలిస్తే సిగ్గుపడి ఉండేవాళ్ళు.

నా బెంచీలో నా పక్కన ఒక పిల్ల ఉండేది. కాలవ గట్టున వాళ్ళ ఇల్లు, వాళ్ళదీ అద్దకం పనే. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే అందరూ వినేవాళ్ళు. మొదటి రోజు ఇంటర్వెల్లో ఆ పిల్ల జామకాయ కొరికి సగం నా వైపు చాపింది. నేను వద్దన్నాను. రెండో రోజు చాపింది, వద్దన్నాను. మూడో రోజు కూడా చాపింది. "మాకు ఇలాంటి పచ్చికాయలు అలవాటు లేదు" అన్నాను. మా ఊళ్ళో అసలు జామచెట్టే లేదు. ఎలాగూ దసరాకి వెళ్ళిపోయేదాన్ని, జామకాయ తింటే ఋణపడిపోతానని నా భయం. ఆ పిల్ల భుజాలెగరేసి రెండు సగాలూ తనే తినేసింది.

నేను తరగతి పిల్లలతో కలవకపోగా, కలవకపోవడానికి కారణం వాళ్ళేనన్నట్టు మాట్లాడేదాన్ని. వాళ్ళు కాలవ చేపల గురించి చెప్పుకుంటుంటే మధ్యలో దూరి, "అవీ చేపలేనా? పండుగప్ప ఎప్పుడైనా చూశారా?" అనేదాన్ని. చందువ, పండుగప్ప, కానాగంత అంటూ నేను పేర్లు వల్లిస్తుంటే వాళ్ళు నోళ్ళు తెరిచి విన్న మాట నిజమే గానీ, విన్నాక ఎవరూ నాతో ఆడుకోవడానికి రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అమ్మ ఊరికే అనలేదు. వాళ్ళు నన్ను 'దివిసీమ' అని పిలిచేవాళ్ళు. అది పేరా, ఎగతాళా అని తేల్చుకోలేక రెండో దానికే కోపం తెచ్చుకునేదాన్ని. అత్తయ్య నన్ను ఉడుకుమోతు అనేది. నేను ఉడుకుమోతునే.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నేను చేసిన నిర్వాకం గురించి ఇప్పుడు చెప్పాలి. మా యూనిఫారం నీలం పరికిణీ, తెల్ల జాకెట్టు, తెల్ల ఓణీ. నాకున్న రెండు ఓణీల్లో ఒకటి చిరిగితే అత్తయ్య దాన్ని దిండు గలీబు చేసేసింది. ఉన్న ఒక్కదాన్నీ ఉతికి పెరట్లోకి తెచ్చాను. అక్కడ సిమెంటు తొట్టి నిండా తెల్లగా, కాస్త పసుపు ఛాయతో చిక్కటి నీళ్ళున్నాయి. పులిసిన వాసన. చూడగానే గంజి అనుకున్నాను. ఇంట్లో ఇంత గంజి ఉంచుకుని ఒక్కరోజూ నా ఓణీకి పెట్టలేదే అని అత్తయ్య మీద కోపం కూడా వచ్చింది. మా అమ్మ ఉంటేనా, నా బట్టలకి గంజి పెట్టకుండా ఆరేసేదా? ఎవరినీ అడగకుండా ఓణీని తొట్టిలో ముంచి, బాగా పీల్చనిచ్చి, పిండి, తీసుకెళ్ళి నా గదిలో ఆరేసుకున్నాను.

అది గంజి కాదు. అద్దకానికి ముందు గుడ్డల్ని నానబెట్టే కరక్కాయ నీళ్ళు. కరక్కాయ పొడిలో గేదె పాలు కలిపి చేస్తారు. ఆ నీళ్ళు తాగిన గుడ్డకి ఇనుము తుప్పు తగిలితే చాలు, అక్కడ నల్లగా పడిపోతుంది, ఇక వదలదు. నల్లరంగు అద్దేదే ఆ కిటుకుతో. తుప్పు మేకుల్నీ బెల్లాన్నీ కుండలో నీళ్ళు పోసి ఊరవేసి ఆ నీళ్ళతో అద్దుతారు. పెడనలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి కనక అత్తయ్య నాకు ప్రత్యేకంగా చెప్పలేదు. అడగడం నామోషీ కనక నేను అడగలేదు. ఆ ఇంట్లో బట్టలారేసే ఇనప తీగ ఒక్కటీ లేదేం, అన్నీ తాళ్ళేనేం అని కూడా మూడు నెలల్లో నాకు తోచలేదు.

మర్నాడు ఓణీ కాస్త లేత పసుపుగా కనిపించింది. గంజి ఎక్కువైందనుకుని మహా గర్వంగా వేసుకెళ్ళాను. భుజాన పిన్నీసు పెట్టుకున్నాను. ఆరోజు పొద్దుటి నుంచీ జల్లు పడుతోంది. నా చోటు కిటికీ పక్కనే. బందరు సముద్రం ఉప్పుగాలికి ఆ కిటికీ చువ్వలన్నీ తుప్పు పట్టి పెచ్చులు ఊడుతుండేవి. నేను ఎప్పటిలాగే తరగతికి వీపు తిప్పినంత పని చేసి, చువ్వలకి చేరగిలబడి వాన చూస్తూ కూర్చున్నాను. జల్లుకి ఓణీ తడిసింది. చల్లగా హాయిగా ఉంది.

రైలు టైముకే వచ్చింది. మాస్టారు వచ్చి నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. నేను లేచి నాలుగడుగులు వేశానో లేదో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసి, "ఏవమ్మా దివిసీమా, జైల్లోంచి తిన్నగా ఇక్కడికే వస్తున్నావా?" అన్నారు. తరగతి గొల్లుమంది. తల తిప్పి చూసుకున్నాను. నా ఓణీ మీద భుజం నుంచి కిందికి నాలుగు నల్లటి చువ్వలు, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. పిన్నీసు చుట్టూ గుండ్రంగా ఇంకో నల్లమచ్చ.

నా బెంచీ పిల్ల మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి నా కొంగు పట్టుకుని వాసన చూసి, "కరక్కాయలో ముంచావా ఏంటే?" అంది. అంతే, ఆగిన నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. నవ్విన వాళ్ళలో సగం మంది అద్దకం ఇళ్ళ పిల్లలు. వాళ్ళకి అంతకంటే నవ్వొచ్చే సంగతి ఇంకోటి ఉండదు. నేను పుస్తకాల సంచి తీసుకుని, మాస్టారు పిలుస్తున్నా వినకుండా, వానలో ఇంటికి వచ్చేశాను. సబ్బు పెట్టి రుద్దాను. ఎంత రుద్దితే అంత నల్లబడింది. అత్తయ్య వచ్చి చూసింది, విషయం విని గుమ్మంలో కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. బళ్ళో నవ్వినా ఓర్చుకునేదాన్ని గానీ ఇంట్లోవాళ్ళు కూడా నవ్వేసరికి నాకు ఈ ఊళ్ళో ఎవరూ లేరనిపించింది.

అప్పటికప్పుడు కార్డు రాశాను. 'నాన్నా, నాకు ఇక్కడ నచ్చలేదు. సెలవులివ్వగానే వచ్చి నన్ను తీసుకెళ్ళు. పెట్టె గొళ్ళెం బాగు చేయించలేదు. తాడు మర్చిపోకు.' తడిసిన పరికిణీతోనే వెళ్ళి స్టేషను దారిలో ఉన్న పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. చాలా తేలిగ్గా అనిపించింది. మా ఊళ్ళో బడి మాస్టారు చదివి వినిపిస్తారు, నాన్న తాడు వెతుకుతాడు, అంతే.

మర్నాడు బడికి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్దామన్నా ఓణీ లేదు. తొమ్మిదింటికి నా బెంచీ పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో మడతపెట్టిన తెల్ల ఓణీ.

"ఇవాళ్టికి నాది. రేపటికి పెద్దజడ దానిది. ఎల్లుండికి ముందు బెంచీలో పొట్టిదానిది. దసరా దాకా రాసేశాం" అంది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం నా చేతిలో పెట్టింది. రోజు, దాని ఎదురుగా ఎవరి ఓణీ, వాళ్ళ ఇంటి గుర్తు. మొత్తం పద్నాలుగుమంది.

"నాకేం అక్కర్లేదు" అన్నాను.

"సర్లే, అక్కర్లేకపోతే వేసుకోకు. సాయంత్రం మాత్రం ఉతికి మా ఇంట్లో ఇచ్చెయ్" అంది. చెప్పి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. అత్తయ్య లోపల్నుంచి, "వేసుకోవే, దాని కాళ్ళు పీకుతున్నాయి" అని కేకేసింది. వేసుకున్నాను.

నా జీవితంలో అంత సుఖమైన పదిహేను రోజులు చాలా తక్కువ. రోజుకొక ఓణీ. ఒకదానికి కర్పూరం వాసన, ఒకదానికి కలరా ఉండల వాసన, ఒకదానికి ఎప్పుడు చూసినా కరివేపాకు పోపు వాసన. పెద్దజడ పిల్లది చాలా పొడుగు, నాకు రెండు చుట్లు తిరిగేది. పొట్టిదానిది నా నడుం దాకా కూడా అందక రోజంతా లాక్కుంటూ గడిపాను. మాస్టారు రోజూ హాజరు వేస్తూ, "ఇవాళ ఎవరి ఓణీ అమ్మా?" అని అడిగేవారు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో చెప్పేది. ఇప్పుడు కూడా నవ్వేవాళ్ళే, కానీ ఆ నవ్వులో నేనూ ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని.

అసలు సంగతి సాయంత్రాల్లో ఉంది. ఓణీ ఉతికి, ఆరాక మడతపెట్టి, కాగితం మీద గుర్తు చూసుకుంటూ ఆ ఇంటికి వెళ్ళి ఇవ్వాలి. ఇచ్చి వచ్చేద్దామంటే ఏ ఇంట్లోనూ కుదిరేది కాదు. "కూర్చోవే, దివిసీమ పిల్లవి నువ్వేనా? కరక్కాయ తొట్టి గంజనుకున్నావట?" అంటూ వాళ్ళమ్మలు మొదలుపెట్టేవాళ్ళు. ఒక ఇంట్లో మినపసున్ని, ఒక ఇంట్లో అటుకులు, ఇంకో ఇంట్లో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న తాతకి నేను పండుగప్ప ఎలా పడతారో చెప్పాల్సి వచ్చింది. ఆయన నేత ఆపి మరీ విన్నాడు. మూడు నెలలుగా తల వంచుకుని నడిచిన వీధుల్లో పదిహేను రోజుల్లో పద్నాలుగు ఇళ్ళు నావయ్యాయి. కాలవ గట్టు ఇంట్లో నా బెంచీ పిల్ల జామకాయ కోసి సగం చాపితే ఈసారి తీసుకున్నాను. తిన్నాక మిగతా సగం కూడా అడిగాను.

నల్ల చారల ఓణీని అత్తయ్య పారెయ్యలేదు. నా బెంచీ పిల్ల దాన్ని చూసి, "కరక్కాయ తాగిన గుడ్డని ఉత్తగా వదిలెయ్యకూడదు, మా నాయనమ్మ ఒప్పుకోదు. రంగు చూపించాల్సిందే" అంది. ఒక ఆదివారం పిల్లలందరూ మావయ్య షెడ్డుకి వచ్చారు. ఒక్కొక్కళ్ళూ వాళ్ళింట్లోంచి ఒక పాత అచ్చు తెచ్చారు. తోక విరిగిన చిలక, అంచు అరిగిన మామిడిపిందె, చిన్న తీగ, రెండాకులు. మావయ్య ఓణీని బల్ల మీద పరిచి, ఆ నాలుగు నల్ల చువ్వల్నీ తేరిపార చూసి, "వీటిని దాచలేం. తీగలు పాకిద్దాం" అన్నాడు. పటికనీళ్ళలో జిగురు కలిపి ఇచ్చాడు. అచ్చు ముంచడం, ఆనించడం, పైన పిడికిలితో ఒక్క దెబ్బ. వాళ్ళ చేతులకి అది పుట్టుకతో వచ్చినట్టుంది. నా వంతుకి అచ్చు జారి పువ్వు అలుక్కుపోయింది.

"పర్లేదమ్మా, పడవలో వాంతి చేసుకునేవాణ్ణి నేను, బల్ల మీద పువ్వు అలికేదానివి నువ్వు. మన వంశం ఇంతే" అన్నాడు మావయ్య.

పటికతో అద్దింది వెంటనే సరిగ్గా కనపడదు. పారే నీళ్ళలో జాడించి, ఎర్రరంగునిచ్చే చెట్టు వేళ్ళతో కలిపి ఉడికిస్తే అప్పుడు బయటపడుతుంది. ఒక్క ఓణీ కోసం రాగి గంగాళం పొయ్యి మీద పెట్టరు కదా. తన సరుకంతా తయారయ్యాక కలిపి ఉడికిద్దాం అన్నాడు మావయ్య. చూసుకుంటే ఆ రోజు సరిగ్గా దసరా సెలవుల మొదటి రోజయింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు కార్డు. మళ్ళీ కార్డు రాయొచ్చు, 'రావద్దు, ఇక్కడే ఉంటాను' అని. ఆ కార్డు కొన్నాను కూడా. ముందుకు సాగలేదు. తీసుకెళ్ళమని అరిచి గీ పెట్టిన నోటితోనే ఉంటానని ఎలా అనడం? అమ్మ దగ్గర నా పరువేం కాను? రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ కార్డుని లెక్కల పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. సెలవులిచ్చేశారు.

ఆ పొద్దున్న మేం ఆరుగురం మోకాళ్ళ లోతు కాలవలో నిలబడి ఓణీ జాడిస్తున్నాం. ఒక కొస నా చేతిలో, రెండోది నా బెంచీ పిల్ల చేతిలో. గట్టు మీద నాన్న కనిపించాడు. ముందు నాకు కనపడింది ఆయన కాదు, భుజాన ఉన్న తాడు చుట్ట.

"పెట్టె సర్దుకున్నావా అమ్మా?" అన్నాడు.

నా బెంచీ పిల్ల నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూసింది. "పెట్టె ఎందుకు? వెళ్ళిపోతున్నావా ఏంటే?" అంది. నేను నీళ్ళకేసి చూశాను. దాని మొహం చిన్నబోయింది. చేతిలో కొస వదిలేసింది. అది వదిలేసిందన్న బాధలో నేనూ వదిలేశాను. కాలవ ఆ వారం నిండుగా ఉంది. ఓణీ ఒక్కసారి పొంగి, ప్రవాహంలో పడి, తెరచాప ఊడిన పడవలా పోతోంది. పిల్లలు గట్టిగా అరిచారు.

నాన్న తాడు గట్టు మీద పడేసి, చొక్కా కూడా విప్పకుండా దూకాడు. నాలుగు బారలు ఈది కొస పట్టుకున్నాడు. గట్టెక్కి, నీళ్ళు కారుతూ, ఓణీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాలుగు నల్ల చారలు తప్ప ఇందులో ఏముంది? దీనికా ఇంత గోల?" అన్నాడు.

"ఉడకలేదు నాన్నా. ఉడికితే తెలుస్తది. మధ్యాహ్నం దాకా ఉండు" అన్నాను.

"ఉంటాలే" అన్నాడు నాన్న.

గంగాళం పొయ్యెక్కింది. మావయ్య కర్రతో తిప్పుతుంటే నాన్న పీట వేసుకుని పక్కనే కూర్చుని చూశాడు. నీళ్ళు మరిగేకొద్దీ ఏమీ లేనిచోట మొదట గులాబి రంగు, తర్వాత ఎరుపు పైకి తేలాయి. తోక లేని చిలక వచ్చింది, మామిడిపిందె వచ్చింది. నల్ల చువ్వల చుట్టూ ఎర్రటి తీగలు కింది నుంచి పైదాకా పాకాయి. నేను అలికిన పువ్వు కూడా వచ్చింది. ఏ అచ్చు ఎవరిదో నాన్నకి నేను వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరి ఇంట్లో ఏం తిన్నానో, మగ్గం తాత ఏమడిగాడో అన్నీ చెప్పాను. గడగడా చెప్తూనే ఉన్నాను. నాన్న ఊ కొడుతూ విన్నాడు.

ఆరేసే వేళకి తుంపర మొదలైంది. అత్తయ్య వసారాలో ఉన్న తాళ్ళన్నీ మావయ్య సరుకుతో నిండిపోయాయి. "అన్నయ్యగారూ, ఆ తాడు కాస్త ఇస్తారా?" అని అడిగింది అత్తయ్య నాన్నని. నాన్న నా వైపు చూశాడు.

"ఇస్తే మరి పెట్టె దేంతో కడతావమ్మా?"

పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. నా బెంచీ పిల్ల మాత్రం పక్కకి తిరిగి గోడ చూస్తోంది. పరువు సంగతి నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

"పెట్టె ఇక్కడే ఉంటది నాన్నా. నేనూ ఉంటా. సెలవులకి సంచి చాలు" అన్నాను.

నాన్న ఎందుకని అడగలేదు. ఒప్పందం అదే కదా. తాడు విప్పి వసారా రెండు స్తంభాలకీ కట్టాడు. అటో ముడి, ఇటో ముడి, సరిగ్గా సరిపోయింది. ఓణీ దాని మీద ఆరింది. నా బెంచీ పిల్ల వచ్చి నా జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజి, "ఉత్తరం రాశావంట, మీ నాన్న చెప్పాడు. నాతో చెప్పావు కాదేం?" అంది. ఆ నొప్పి నాకు బాగుంది.

మర్నాడు పొద్దున్నే ఒక సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని నాన్నతో సెలవులకి బయల్దేరాను. ఓణీ అమ్మ కోసం మడతపెట్టి పైన పెట్టాను. బందరులో నాన్న లడ్డు కొనిపెట్టాడు. అవనిగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తింటూ వసారాలో తాడు గురించి ఆలోచిస్తున్నాను. ఆ రెండు స్తంభాల మధ్య దూరం నాకు తెలుసు. నేను చేతులు చాస్తే ఒక కొస అందేది, రెండోదానికి కాస్త జరగాలి. తాడు అంతే ఉంది, ముడులకి మించి జానెడు కూడా మిగల్లేదు.

"నాన్నా, పెట్టెకి మూడు బారలు కదా?"

"ఆఁ."

"మరి ఆ తాడు బారన్నర కూడా లేదు. పెట్టెకి చాలేది కాదుగా?"

నాన్న కిటికీలోంచి వరిచేల వైపు చూశాడు. "అలాగా? చూసుకోలేదమ్మా" అన్నాడు.

తాడు కొలతలో మా నాన్న పొరబడటం అదొక్కసారే.